పొట్ట ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కనగిరి వైపు ఉండే తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. ఇక్కడివాళ్లలో చాలామందికి ఆపరేషన్ విశాఖలోనో శ్రీకాకుళంలోనో అయి ఉంటుంది. నొప్పి మాత్రం ఏ పదేళ్లకో ఓ అర్ధరాత్రి ఊళ్లో ఉండగా మొదలవుతుంది. కాగితాలు ఒక రాష్ట్రంలో, మనిషి ఇంకో రాష్ట్రంలో. కింది ప్రశ్నలు చాలావరకు ఆ ఇబ్బంది చుట్టూ తిరిగేవే.

అతుకులు అంటే ఏమిటి? ఎందుకు పడతాయి?

పొట్ట లోపలి గోడ మీదా పేగుల మీదా పెరిటోనియం అనే పలుచటి తడి పొర ఉంటుంది. పేగులు ఒకదాని మీద ఒకటి జారుతూ కదిలేది దానివల్లే. ఆపరేషన్‌లో ఆ పొర కోసుకుపోయినా, గాలికి ఆరినా, ఒరుసుకున్నా, లోపల రక్తమో చీమో నిలిచినా అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. బట్టకి గంజి పట్టినట్టు పక్కపక్కనున్న భాగాలు అంటుకుంటాయి. మామూలుగా మూడు నాలుగు రోజుల్లో శరీరమే ఆ జిగురుని కరిగించేస్తుంది. గాయం పెద్దదైనా, చీము పట్టినా, ఆ చోటికి రక్తం సరిగా అందకపోయినా కరిగించే పని కుంటుపడుతుంది. అప్పుడు ఐదు నుంచి ఏడు రోజుల్లో అందులోకి కణాలు చేరి పీచు అల్లుతాయి. తర్వాత దానికి రక్తనాళాలు, ఒక్కోసారి నరాలు కూడా వస్తాయి. అదే అతుకు. ఆసుపత్రి కాగితాల్లో ‘అడ్హీషన్స్’ అని ఉంటుంది.

కొన్ని సాలెగూడులా పలుచగా, కొన్ని తాడులా సన్నగా, కొన్ని అట్ట అంటించినట్టు మందంగా ఉంటాయి. మందంగా ఉన్నవే ప్రమాదం అనుకోకండి. ఒక్క సన్నటి తాడు కింద పేగు దూరి మెలిపడితే రక్తం ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

పైన కుట్టు చక్కగా మానింది. లోపల కూడా మానినట్టే కదా?

పైనున్న మచ్చకీ లోపలి అతుకులకీ పొంతన లేదు. గీతలాంటి మచ్చ కింద పేగులన్నీ అంటుకుని ఉండొచ్చు, లావుపాటి మచ్చ కింద అసలు ఏమీ ఉండకపోవచ్చు.

ఎవరికి ఎక్కువగా పడతాయి?

పొట్ట తెరిచి చేసిన ఆపరేషన్లలో దాదాపు అందరికీ ఎంతో కొంత పడతాయి. వాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. స్కాట్లండ్‌లో పొట్ట, కటి భాగం ఆపరేషన్లు అయినవాళ్లని పదేళ్లపాటు గమనించిన అధ్యయనం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సుమారు మూడో వంతు మంది అతుకులతో సంబంధం ఉన్నదో, ఉండొచ్చు అనుకున్నదో ఏదో ఒక కారణంతో మళ్లీ ఆసుపత్రిలో చేరారు. నేరుగా అతుకులే కారణమని తేలిన చేరికలు వందకి ఆరు లోపే.

పెద్దపేగు ఆపరేషన్లు, పొత్తికడుపు కోసి గర్భసంచి తీయడం, పగిలిన అపెండిక్స్, టైఫాయిడ్‌తో పేగుకి పడ్డ రంధ్రం, పొట్టంతా చీము పట్టడం, మళ్లీ మళ్లీ సిజేరియన్లు, రేడియేషన్: వీటిలో ఎక్కువ. రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే లాప్రోస్కోపీలో తక్కువ, అసలు లేకుండా మాత్రం కాదు. పొట్ట టీబీ వల్ల ఆపరేషన్ లేకుండానే పేగులు అతుక్కుంటాయి. టీబీ ఉన్న మన ప్రాంతాల్లో ఆ సంగతి మరిచిపోకూడదు.

ఇది గ్యాసా, పేగు మెలికా? ఎలా తెలుస్తుంది?

నాలుగు విషయాలు చూసుకోండి: నొప్పి తీరు, వాంతి, ఉబ్బరం, కింద నుంచి గాలి పోతోందా లేదా.

అతుకు వల్ల పేగు దారి మూసుకుంటే (దాన్నే ఇక్కడ మెలిక, అడ్డు అంటున్నాం) నొప్పి బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వస్తుంది, కొన్ని నిమిషాలు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. నొప్పి వచ్చినప్పుడు పొట్టలో గడగడమని చప్పుడు వినిపిస్తుంది. అడ్డు పైభాగంలో ఉంటే వాంతులు త్వరగా మొదలవుతాయి, ఉబ్బరం తక్కువ. కింది భాగంలో ఉంటే ముందు పొట్ట ఉబ్బుతుంది, వాంతులు ఆలస్యం. వాంతి మొదట తిన్న తిండి, తర్వాత పసుపు, ఆకుపచ్చ, చివరికి మలం వాసనతో గోధుమరంగు. రంగు అలా మారుతోందంటే ఇక ఆగకూడదు.

ఇక్కడ జనం పొరబడే చోటు ఒకటుంది. అడ్డు పడ్డాక కూడా ఒకటి రెండుసార్లు విరేచనం అవుతుంది. అది అడ్డుకి కింద అప్పటికే ఉన్న సరుకు. సగం మూసుకున్నప్పుడు నీళ్ల విరేచనాలు కూడా కావచ్చు. “మోషన్ అయ్యింది కదా, మెలిక కాదు” అని ఇంట్లో కూర్చుంటే ఒక రాత్రి పోతుంది. మలం కంటే గాలి పోవడమే నమ్మదగ్గ గుర్తు.

మెలిపెట్టే నొప్పి ఆగకుండా ఒకే తీరుగా నిలిచిపోతే, జ్వరం వస్తే, నాడి వేగం పెరిగితే, పొట్ట ముట్టుకోనివ్వకపోతే పేగుకి రక్తం ఆగిపోతోందని అనుమానించాలి. అక్కడి నుంచి లెక్క గంటల్లోనే. ఒక్కోసారి నొప్పి హఠాత్తుగా తగ్గి, మనిషి మాత్రం నీరసించి చల్లబడతాడు. అది నయం కావడం కాదు.

నొప్పి మొదలైతే ఇంట్లో ఏం చేయాలి?

టైము రాసుకోండి. తిండి ఆపండి. వాంతి లేకుండా, గాలి పోతూ ఉంటే గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగుతూ నాలుగైదు గంటలు చూడొచ్చు. బొడ్డు మీదుగా టేపుతో పొట్ట చుట్టుకొలత తీసి, రెండు గంటలకి మళ్లీ తీయండి. పెరుగుతోందంటే బయల్దేరండి. రెండు వాంతులైనా, ఒక్క ఆకుపచ్చ వాంతి అయినా, గాలి ఆగినా, మూత్రం తగ్గినా ఇక చూడటాలు లేవు. నోట్లో ఏమీ వేయకుండా వెళ్లాలి. చిన్నపిల్లలకి ఆకుపచ్చ వాంతి అయితే గంట కూడా ఆగొద్దు.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. ఆముదం తాగించొద్దు, విరేచనాల మాత్రలు ఇవ్వొద్దు. ముందు దారి మూసుకుని ఉంటే వెనక నుంచి తోసే మందు పేగుని ఇంకా ఉబ్బిస్తుంది, పగలగొట్టనూ వచ్చు. సోడా, గ్యాస్ పొడులు ఉబ్బరం పెంచేవే. నాభి జారిందని పొట్ట తోమించడం, నూనె పెట్టి పిసికించడం రక్తం ఆగిన పేగు మీద చాలా ప్రమాదం. పొట్ట మీద చురకలు పెట్టించడం కొండ ప్రాంతాల్లో ఇంకా ఉంది. దానివల్ల లోపల మారేది ఏమీ లేదు, పైన కాలిన పుండు మిగులుతుంది, ఆసుపత్రికి వెళ్లాల్సిన పూట పోతుంది. మెడికల్ షాపు నొప్పి ఇంజెక్షన్‌తో నొప్పి కాసేపు అణుగుతుంది గానీ అడ్డు అలాగే ఉంటుంది. చేయించుకుని ఉంటే ఆ మందు పేరు, వేసిన టైము డాక్టరుకి చెప్పండి.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

దగ్గరదా పెద్దదా అని ఊగిసలాడే బదులు మూడు ప్రశ్నలు ఫోన్‌లో అడగండి: ఇప్పుడు సర్జన్ ఉన్నారా, మత్తు డాక్టర్ ఉన్నారా, సీటీ స్కాన్ నడుస్తోందా? మూడూ లేనిచోట సెలైన్, ముక్కు గొట్టం పెట్టించుకుని, రిఫరల్ చీటీ తీసుకుని ముందుకు సాగడమే మంచిది. ప్రభుత్వ వైపు బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. పర్లాకిమిడి వాళ్లకి బరంపురం కంటే శ్రీకాకుళమే దగ్గర. 108 రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, కానీ సరిహద్దు దాటి ఎంతవరకు తీసుకెళ్తారో బండి ఎక్కేముందే అడగండి. ఘాట్ రోడ్డులో వాంతులవుతున్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

ఒడియాలో చెప్పాల్సి వస్తే?

“పేట బింధుఛి” (పొట్ట నొప్పి), “పేట ఫులిఛి” (పొట్ట ఉబ్బింది), “బాంతి హేఉఛి” (వాంతులవుతున్నాయి), “ఝాడా హేఉనాహిఁ” (విరేచనం కావట్లేదు), “ఆగరు అపరేసన హోఇఛి” (ముందు ఆపరేషన్ అయింది). చివరి మాట అన్నిటికంటే ముందు చెప్పండి. కుట్టు చూపించండి. పాత కుట్టు చూస్తేనే డాక్టరు ఆలోచన గ్యాస్ట్రిక్ నుంచి పేగు వైపు మళ్లుతుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

నోటికి ఏమీ ఇవ్వరు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పేరుకున్న నీరూ గాలీ తీసేస్తారు. ఇబ్బందిగానే ఉంటుంది, కానీ వాంతులూ నొప్పీ తగ్గించేది ముఖ్యంగా ఆ గొట్టమే. లాగేసుకోవద్దని రోగికి చెప్పండి. సెలైన్ ఎక్కిస్తారు, మూత్రానికి గొట్టం పెట్టి గంటకి ఎంత వస్తోందో కొలుస్తారు. అరవై కిలోల మనిషికి గంటకి కనీసం ముప్ఫై మిల్లీలీటర్లు రావాలి. రక్తంలో పొటాషియం చూస్తారు. అది తగ్గితే పేగులు వాటంతటవే కదలడం మానేస్తాయి, అసలు సమస్య ఏదో తెలియకుండా పోతుంది.

నిలబెట్టి తీసే ఎక్స్‌రేలో చిన్నపేగు మూడు సెంటీమీటర్లు దాటి ఉబ్బి, మెట్లమెట్లుగా నీటి గీతలు కనిపిస్తాయి. అడ్డు ఎక్కడుందో, రక్తం ఆగిందా అన్నది చెప్పేది మందు వేసి తీసే సీటీ. దానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్ష చేస్తారు. సీటీలో అతుకు మాత్రం కనబడదు. ఉబ్బిన పేగు ఎక్కడ ఒక్కసారిగా సన్నబడిందో చూసి, వేరే కారణం లేకపోతే అతుకు అని తేలుస్తారు.

తొడ మూలల్లో హెర్నియా (పొట్ట గోడ సందులోంచి పేగు బయటికి ఉబ్బడం) ఉందేమో తప్పకుండా చూడమని అడగండి. ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో చిన్న గడ్డ బట్టల చాటున తప్పిపోతుంది.

ఆపరేషన్ తప్పదా? ఎన్నాళ్లు ఆగొచ్చు?

రక్తం ఆగిన గుర్తులు, పొట్ట లోపలి పొరంతా వాపెక్కడం (పెరిటోనైటిస్), సీటీలో పేగు రెండు చివరలా మూసుకుపోయినట్టు కనిపించడం: వీటిలో ఏదున్నా వెంటనే ఆపరేషన్. ఇవేవీ లేకపోతే ముందు గొట్టం, సెలైన్‌తో చూస్తారు. ఎక్కువమందికి దానితోనే దారి తెరుచుకుంటుంది. దానికి మామూలుగా ఒప్పుకున్న గడువు 72 గంటలు. మధ్యలో నీటిలో కలిసే కాంట్రాస్ట్ మందు, మామూలుగా వంద మిల్లీలీటర్లు, గొట్టంలోంచి పంపి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. 24 గంటల్లోపు మందు పెద్దపేగులోకి చేరితే ఆపరేషన్ అవసరం పడకపోవచ్చు. ఈ కొద్దిపాటి పరీక్ష అడిగి చేయించుకోదగ్గది.

మూడు రోజులు ఆగమన్నారంటే పట్టించుకోవట్లేదని కాదు. ఆ మూడు రోజులూ సర్జన్ పొట్టని పదే పదే ముట్టి చూడాలి. అలా ఎవరూ చూడకుండా సెలైన్ సీసాలు మారుస్తూ పోతుంటే మాత్రం చోటు మార్చడం గురించి అడగాల్సిందే.

ఆపరేషన్‌తో అతుకులన్నీ తీసేస్తే ఇక రావు కదా?

వస్తాయి. అతుకు విడదీయడమూ పొట్ట లోపలి గాయమే. లెక్కలు ఇలా ఉన్నాయి: ఆపరేషన్ లేకుండా తగ్గినవాళ్లలో ఏడాదిలో వందకి సుమారు 12 మంది, ఐదేళ్లలో 20 మంది మళ్లీ అదే బాధతో చేరతారు. ఆపరేషన్ అయినవాళ్లలో ఏడాదిలో 8 మంది, ఐదేళ్లలో 16 మంది. తేడా ఉంది, కానీ దానికోసమే కోయించుకునేంత లేదు. పైగా అతుకులు విడదీసేటప్పుడు పేగుకి చిల్లు పడటం అరుదు కాదు. అందుకే మంచి సర్జన్ అడ్డుగా ఉన్న అతుకుని తీసి మిగతావాటి జోలికి పోడు. “అన్నీ తీయలేదట” అని కోపం తెచ్చుకోవద్దు.

స్కాన్‌లన్నీ బాగున్నాయి. నొప్పి మాత్రం ఏళ్లుగా ఉంది. అతుకులేనా?

కావచ్చు, కాకపోవచ్చు. అతుకులున్నా నొప్పి లేనివాళ్లు ఎక్కువ. నెదర్లాండ్స్‌లో వంద మందితో చేసిన ఒక పరీక్ష 2003లో వచ్చింది. దీర్ఘకాల నొప్పి ఉన్నవాళ్లలో కొందరికి కెమెరాతో చూసి అతుకులు విడదీశారు, కొందరికి ఊరికే చూసి వదిలేశారు. ఏడాది తర్వాత రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గింది. అంటే ఒక్క నొప్పి కోసం అతుకులు తీయించుకోవడం లాభం లేని బేరం.

ముందు మిగతావి చూడాలి: పిత్తాశయంలో రాళ్లు, అల్సర్, పొట్ట టీబీ, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం). ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని నొప్పి ఉన్న చోట వేలు పెట్టి, తల భుజాలు పైకి లేపండి. అప్పుడు నొప్పి ఎక్కువైతే అది లోపలి పేగుది కాక, పొట్ట గోడలో కుట్టు దగ్గర ఇరుక్కున్న నరానిది అయ్యే అవకాశం ఎక్కువ. దానికి ఆ చోట మత్తు ఇంజెక్షన్ పని చేస్తుంది. చాలా ఏళ్ల నొప్పి ఒక్క సూదితో తేలిక పడటం ఉంది.

పిల్లలు పుట్టకపోవడానికి ఇదే కారణమా?

పొత్తికడుపు ఆపరేషన్ తర్వాత అండం వచ్చే గొట్టాలు (ఫాలోపియన్ ట్యూబులు) అండాశయం నుంచి పక్కకి లాగబడో మూసుకుపోయో ఉండొచ్చు. హెచ్.ఎస్.జి. అనే ఎక్స్‌రేలో గొట్టం తెరిచి ఉందో లేదో తెలుస్తుంది. బయట అతుకులున్నాయా అన్నది దానిలో పూర్తిగా తేలదు, లాప్రోస్కోపీ కావాలి. భర్త వీర్యపరీక్ష కాకుండా భార్యకి లాప్రోస్కోపీ చేయించొద్దు. గర్భసంచి లోపల, డి అండ్ సి (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) తర్వాత పడే అతుకులు వేరే సంగతి. వాటికి వైద్యం కూడా వేరు.

మూడో సిజేరియన్‌కి ఏం జాగ్రత్త?

ప్రతి సిజేరియన్‌తోనూ అతుకులు పెరుగుతాయి. మూత్రాశయం గర్భసంచి ముందుభాగానికి అంటుకుని పైకి లాగబడి ఉంటుంది. బిడ్డని తీయడానికి టైము పడుతుంది, మూత్రాశయానికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంటుంది. మాయ పాత కుట్టు మీద అంటుకుందేమో ముందే స్కాన్‌లో చూడాలి. రక్తం సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలో, నొప్పులు రాకముందే తేదీ పెట్టించుకోండి. గర్భంతో ఉన్నప్పుడు పాత కుట్టున్న మనిషికి మెలిపెట్టే నొప్పితో ఆకుపచ్చ వాంతులు వస్తే అవి వేవిళ్లు కావు.

ఏం తినాలి?

మెలిక పడి తగ్గాక మొదటి రెండు నాలుగు వారాలు పీచు తక్కువ తిండి. మెత్తటి అన్నం, పెసరపప్పు నీళ్లు, పెరుగు, గుడ్డు, ముళ్లు తీసిన చేప, తొక్కా గింజా తీసిన సొరకాయ, బాగా ఉడికిన బంగాళాదుంప. పఖాళ (నీళ్లలో నానిన చద్ది) అన్నం మంచిదే, పక్కన నంజుకునేదే చూసుకోవాలి. చోడి పిండి జల్లించి పలుచగా అంబలి కాచుకోవచ్చు. కొంచెం కొంచెంగా రోజుకి ఐదారు సార్లు.

తర్వాత మామూలు తిండికి ఒక్కొక్కటిగా రండి. పదే పదే అడ్డు పడే వాళ్లు ఎప్పటికీ జాగ్రత్తగా ఉండాల్సినవి మన వైపు కొన్నున్నాయి: తాటి తేగలు, పనస తొనల చుట్టూ పీచు, మునగకాడ పీచు మింగడం, వెదురు కొమ్ముల కూర, చెరకు పిప్పి, కమలా తొన తొక్కతో సహా మింగడం, గింజలతో జామకాయ, నమలని మొక్కజొన్న. ఇవి సన్నబడ్డ చోట ఉండలా ఇరుక్కుంటాయి. పళ్లు ఊడినవాళ్లు మాంసం, కొబ్బరి నమలలేక మింగేస్తారు. వాళ్లకి పళ్ల సెట్టు కూడా వైద్యంలో భాగమే.

ఇసబ్‌గోల్ చెంచాడు చాలీచాలని నీళ్లతో వేసుకుంటే అదే అడ్డవుతుంది. సన్నబడ్డ పేగున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. ఐరన్ మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. అవి రాసేటప్పుడే పాత మెలిక సంగతి చెప్పండి.

కుట్టు దగ్గర ఉబ్బు కనిపిస్తోంది. అదీ అతుకేనా?

కాదు, హెర్నియా. దగ్గితే పైకి వచ్చి పడుకుంటే లోపలికి పోతుంటే తీరిగ్గా సర్జన్‌కి చూపించొచ్చు. గట్టిపడి, నొప్పితో, లోపలికి పోకపోతే ఆ పూటే.

ఏ కాగితాలు దాచుకోవాలి?

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. ‘ఆపరేషన్ నోట్స్’ కాపీ అడిగి తీసుకోండి. ఏ పేగు ఎక్కడ కోశారు, అతుకులు ఎలా ఉన్నాయి, మెష్ (వల) పెట్టారా అన్నది అందులోనే ఉంటుంది. బయాప్సీ రిపోర్టు, సీటీ సీడీ కూడా. అన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. పాత కాగితాల్లో ‘ఎస్.ఏ.ఐ.ఓ.’ అని ఉంటే అప్పట్లో పేగు సగం అడ్డుపడి తగ్గిందని అర్థం. కొత్త డాక్టరుకి అది ముందు చూపించండి.

ఒడిశా కార్డు ఆంధ్రాలో పనిచేస్తుందా?

ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి కార్డులిస్తున్నారు. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోని ప్యానెల్ ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మాత్రం అక్కడివాళ్లకే. అడ్మిషన్‌కి ముందే హెల్ప్‌డెస్క్‌లో ఆ ఆసుపత్రి ప్యానెల్‌లో ఉందో లేదో అడగండి, లేదా 14555కి ఫోన్ చేయండి.

కొత్తగా ఆపరేషన్ చేయించుకోబోతున్నాం. అతుకులు పడకుండా చేయొచ్చా?

పూర్తిగా ఆపలేరు, తగ్గించొచ్చు. కెమెరాతో చేయడానికి వీలవుతుందా అని అడగండి. పౌడర్ లేని గ్లవ్స్ వాడతారా అని అడగండి: ఆ పౌడర్ లోపల పడితే అతుకులు పెరుగుతాయని, ఇంకా కొన్ని కారణాలతో అమెరికా 2017 జనవరి నుంచి పౌడర్ గ్లవ్స్‌ని నిషేధించింది. పేగుల మధ్య వేసే పలుచటి పొరలు, ద్రవాలు ఉన్నాయి. ఖరీదైనవి, అన్నిచోట్లా దొరకవు, అందరికీ అవసరం కూడా కాదు. ఆపరేషన్ తర్వాత తొందరగా లేచి నడవడం పేగుల కదలికకి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి మంచిది. దానివల్ల అతుకులు పడవని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి.

చెట్టు మందులతో అతుకులు కరుగుతాయా?

కరగవు. ముదిరిన పీచుని కరిగించే మందు ఏ వైద్యంలోనూ లేదు. అలా చెప్పి ఇచ్చే పొడుల్లో విరేచనకారులు కలిసి ఉండొచ్చు. మెలిక పడ్డ రోజున అవి ఏం చేస్తాయో పైన రాశాం.